తమ్ముడు తల ఊపిన సాయంత్రం

ఆగస్టు పదిహేడు, ఆదివారం. గురజాలలో మా తమ్ముడి ఇల్లు, ముందు వసారా. హాజరైనవారు: తమ్ముడు, కుర్చీలో. వాడి భార్య, అంటే నా మరదలు, గడపకు ఆనుకుని నిలబడి. ఆమె అన్న, మాచర్ల నుంచి వచ్చాడు. మాకు మేనమామ వరసైన పెద్దాయన, నవారు మంచం మీద. నేను, గోడవార బల్ల మీద.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలైంది. కాలువల మీద నీటిమట్టాలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు అన్నది ముందు రాసుకుంటే తక్కినది వరసలో వస్తుందని నా నమ్మకం. ఆ రోజుది మాత్రం వరసలో రాలేదు. ఇప్పుడు మళ్లీ మొదటినుంచీ రాస్తున్నాను.

ఆ సాయంత్రం తేలవలసింది ఒకటే. మర్నాడు తెల్లవారగానే తమ్ముణ్ణి కారులో కృష్ణానది అవతలికి, పక్షవాతానికి ఆకుమందు ఇచ్చే ఒకాయన దగ్గరికి తీసుకుపోవడమా, మానడమా. పోతే ఊరికే పసరు తాగి రావడం కాదు. మండలం, అంటే నలభై రోజులు అక్కడే ఉండాలి, ఉప్పు లేని పథ్యం తినాలి, ఇంగ్లీషు మందులు ఆ పూటతో ఆపెయ్యాలి. రెండు మందులూ ఒంట్లో పొట్లాడుకుంటాయని ఆయన షరతు. డాక్టరు చెప్పింది వేరు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర, బీపీ మాత్ర ఒక్కసారిగా మానేస్తే మళ్లీ రావచ్చు, రెండోసారి వస్తే మనిషి దక్కకపోవచ్చు అన్నాడు. వసారాలో ఉన్న అందరికీ ఈ రెండు సంగతులూ తెలుసు. ఎవరికి ఏది నమ్మబుద్ధి అయితే అది నమ్ముతున్నాం.

తమ్ముడికి జూన్ మొదట్లో వచ్చింది. పత్తి విత్తనాలు తేవడానికి బజారుకు బయల్దేరుతూ చెప్పులు తొడుక్కోబోయాడు. ఎడమ కాలికి ఎక్కింది, కుడి కాలికి ఎక్కలేదు. ఎందుకు ఎక్కడం లేదా అని వంగి చూసుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయాడట. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడి కాలిలో కొంత జీవం వచ్చింది, భుజం పట్టుకుంటే నడుస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం ఒళ్లో పెడితే ఒళ్లో, బల్ల మీద పెడితే బల్ల మీద. నోటి నుంచి "ఆ", "అదీ" తప్ప ఇంకో మాట లేదు.

వాడికి వ్యవసాయం ఉంది గానీ, ఈ చుట్టుపక్కల వాడి పేరు ఎద్దుల బేరగాడిగానే తెలుసు. బండలాగుడు పందేలకు జతలు కొనాలనుకున్నవాళ్లు ముందు వాడి ఇంటికి వచ్చి, వాణ్ణి వెంటబెట్టుకుని సంతకు పోయేవారు. ఎద్దు నాలుగడుగులు నడిస్తే చాలు, డెక్కలో లోపముందో, యజమాని మాటలో లోపముందో చెప్పేవాడు. ఎవడికీ అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. అలాంటివాడు ఇప్పుడు ఎదురొచ్చిన ప్రతివాడికీ తల ఊపుతున్నాడు. అన్నం తిన్నావా అంటే ఊపుతాడు. తినలేదా అన్నా ఊపుతాడు.

ఆ తల ఊపడం సంగతి నాకు నరసరావుపేటలో తెలిసింది. అక్కడ ఒక ఆసుపత్రిలో వారానికోసారి, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లనూ వాళ్ల ఇంటివాళ్లనూ ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టి ఒక మానసిక నిపుణురాలు మాట్లాడుతుంది. ఆమెకు ముప్పై దాటి ఉండవు. మొదటిసారి మేం పోయిన రోజున ఒక లారీ డ్రైవరు, ఒక టైలరు, ఒక టీచరమ్మ ఉన్నారు. లారీ డ్రైవరు భార్య తన గోడు చెప్పుకుంది. ఈయన టీవీలో సబ్బు ప్రకటన వచ్చినా ఏడుస్తున్నాడు, మావాళ్లు పిచ్చి పట్టిందంటున్నారు అంది. ఇది పిచ్చి కాదు, నవ్వుకూ ఏడుపుకూ మెదడులో ఒక బ్రేకు ఉంటుంది, దెబ్బకి అది అరిగింది, అంతే అని నిపుణురాలు చెప్పింది. డ్రైవరు అది విని నవ్వాడు, వెంటనే ఏడ్చాడు. ఆమె అతని ఏడుపు అయ్యేదాకా ఆగి, తర్వాత మాట్లాడింది. ఎవరూ ఓదార్చనక్కర్లేదన్నట్టు కూర్చుంది. నాకది కొత్తగా తోచింది.

మావాడి వంతు వచ్చినప్పుడు బల్ల మీద ఒక దువ్వెన, ఒక చెంచా, ఒక తాళం పెట్టింది. తాళం ఏదో చూపించమంది. వాడు కాసేపు కూర్చుని, ఎడమ చేత్తో తాళాన్ని తాకాడు. అదే తాళాన్ని ఆమె చేతిలోకి తీసుకుని, ఇది దువ్వెన కదా అంది. వాడు అవునని తల ఊపాడు. ఊపిన మరుక్షణం మొహం నల్లబడింది. తప్పు చెప్పానని వాడికి తెలిసింది.

తెలివికి ఏమీ కాలేదు, మాట పుట్టే చోట దెబ్బ తగిలింది అని ఆమె మాకు చెప్పింది. అవును, కాదు అనేవి ఒకదాని చోట ఒకటి వస్తున్నాయి. అందుకని తల ఊపితే జవాబు అనుకోవద్దు. వస్తువు చూపించి అడగండి. రెండు వైపులా అడగండి. అడిగాక ఆగండి. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి దగ్గర నలుగురిలో పెట్టి అడగొద్దు, నలుగురిలో మనం కూడా తల ఊపేస్తాం కదా అంది. నేను ఇవన్నీ వరసగా రాసుకుంటున్నాను. ఆమె నావైపు చూసి, "రాసుకోవడం తర్వాత, బాబాయ్‌గారూ. ముందు ఆయన మొహం చూడండి" అంది. చూశాను. తమ్ముడు తలుపు వైపు చూస్తున్నాడు.

బయటికి వస్తుంటే ఇంకో మాట చెప్పింది. కొందరికి చెయ్యి పోయిందన్న దిగులు లోపల్లోపలే ముదురుతుంది, తిండి మీద, మనుషుల మీద, చివరికి బతుకు మీద ఇష్టం పోతుంది. అదీ ఈ జబ్బులో భాగమే. అనుమానం వస్తే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి, దానికి వైద్యం ఉంది. ఆ మాట నేను చివర్లో రాసుకున్నాను, వేరేవాళ్లకు పనికొచ్చే మాటగా. మావాడు పెట్టింది తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు, అడిగినదానికల్లా తల ఊపుతున్నాడు. దిగులున్నవాడు ఇంత బుద్ధిగా ఉంటాడా అనుకున్నాను.

మరదలు ఆ గదికి ఒక్కసారే వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు పిడుగురాళ్ల దగ్గర బస్సు బ్రేకు కొడితే ఒకామె బుట్టలోని టమాటాలు సీట్ల కిందికి దొర్లాయి. బస్సంతా అయ్యో అంటుంటే మావాడు గట్టిగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేకపోయాడు. టమాటాలామె నోటికొచ్చినట్టు తిట్టింది. మరదలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని గురజాల వచ్చేదాకా తియ్యలేదు. ఇక ఆ నరసరావుపేట ప్రయాణాలు మీరే చూసుకోండి బావగారూ, నావల్ల కాదు అంది.

ఆ తర్వాత ఆమె ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గరికి పరామర్శకు వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్లూ వాడి ఎదురుగానే, వాడు లేనట్టు, ఎలా ఉండే మనిషి ఎలా అయిపోయాడో అనేవాళ్లు. వాళ్లలో కొందరు ఆకుమందు సంగతి చెప్పారు. ఆ మందుతో పడిపోయిన చెయ్యి లేచిందంటూ రెంటచింతల నుంచి ఒకాయనను తీసుకొచ్చి మరీ చూపించారు. ఆయన చెయ్యి పైకెత్తి, గోడకున్న క్యాలెండరు అందుకుని మళ్లీ తగిలించాడు. మరదలు ఆ చేతి వైపు చూసిన చూపు నేను చూశాను. ఆమెను తప్పు పట్టలేను.

ఇంకొకటి కూడా గమనించాను. పేటలో ఆ గది తలుపు వేశాక తమ్ముడు ఎడమ చేత్తో వస్తువులు చూపించేవాడు. ఇంటికి వస్తే ఆ చెయ్యి తొడ కింద పెట్టుకునేవాడు. తెలిసిన మనుషుల ముందు ఎడమ చెయ్యి చాచడం వాడికి చేతకాదు. ఎవరికైనా ఎడమ చేత్తో గ్లాసు అందిస్తే చెయ్యి నరికేసేలా చూసే మా నాయన పెంపకం.

ఆదివారం సాయంత్రం మాట మొదలుపెట్టింది మరదలి అన్న. ఆయన చెడ్డవాడు కాదు. జబ్బు వచ్చిన రోజున మాచర్ల నుంచి అందరికంటే ముందు వచ్చింది ఆయనే. కారు మాట్లాడాను, అవతల వాళ్లకు ఫోను చేశాను, పొద్దున్నే బయల్దేరడమే అన్నాడు. నేను డాక్టరు చెప్పిన మాట చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"బావా, నువ్వు చదువుకున్నోడివి, కాదన్ను. ఇన్నాళ్లనించి మింగుతున్నాడుగా మాత్రలు. చెయ్యి లేసిందా?"

లేవలేదన్నాను. మాత్రలు చెయ్యి లేవడానికి కాదు, మళ్లీ రాకుండా ఉండటానికి అన్నాను.

"పోనీ, చెయ్యి లేస్తదని డాక్టరు చెప్పాడా?"

చెప్పలేదు. ఎంత లేస్తుందో ఇప్పుడే చెప్పలేం, రోజూ కదిలిస్తూ ఉండాలి అన్నాడు. అదే చెప్పాను.

"చెప్పలా. ఈయన చెప్తన్నాడు. లేపుతానంటన్నాడు. చెప్పినోడి కాడికి పోతామా, చెప్పనోడి కాడ కూసుంటామా?"

అంతవరకూ మాట్లాడకుండా చుట్ట వాసన చూసుకుంటున్న పెద్దాయన అప్పుడు కల్పించుకున్నాడు. ఆయన ఎనభై దాటినవాడు. ఊళ్లో గట్ల తగాదాలు, ఆలుమగల తగాదాలు ఆయన మంచం దగ్గరే తెగుతాయి. మీరిద్దరూ వాదించుకోవడానికి ఆ ఒళ్లు మీది కాదు, వాడిది, వాణ్ణే అడుగుదాం అన్నాడు. ఆ మాట న్యాయంగా ఉంది. భయం వేసింది కూడా అందుకే. వద్దు మావయ్యా, ఇలా కాదు అడిగేది అని లేవబోయాను. ఆయన అప్పటికే అడిగేశాడు, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా.

"ఒరేయ్ అల్లుడూ, నది దాటి పోయి ఆకుమందు తాగొస్తావా?"

తమ్ముడు తల ఊపాడు.

"అయిపోయింది," అన్నాడు మరదలి అన్న. "నలుగురిలో ఒప్పుకున్నాడు."

మా వైపు నలుగురిలో ఒప్పుకోవడం అంటే కాగితం మీద సంతకం కన్నా గట్టిది. కాగితాన్ని కోర్టులో కాదనవచ్చు. పెద్దమనిషి ఎదుట తల ఊపి మర్నాడు కాదన్నవాడికి ఊళ్లో పిల్లనివ్వరు, అప్పు ఇవ్వరు. మరదలు అప్పుడే లోపలికి తిరిగింది, బట్టలు సర్దడానికి.

నాకు ఇంకో దారి తోచలేదు. తమ్ముడి ఎదుట నిలబడి, ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండి డాక్టరు మాత్రలు మింగుతావా అని అడిగాను. వాడు తల ఊపాడు. చూశారా, దేనికైనా ఊపుతాడు, వాడి ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు అన్నాను. రెండు వైపులా అడగమన్న మాటను పాటించాను. నలుగురిలో అడగొద్దన్న మాటను మర్చిపోయాను.

"గంగిరెద్దునాడిచ్చినట్టు ఆడిస్తన్నావేంది బావా మనిషిని?" అన్నాడు మరదలి అన్న.

పెద్దాయనకు నవ్వొచ్చింది. ఆయన నవ్వడం చూసి తమ్ముడు కూడా నవ్వాడు. గట్టిగా, భుజాలు అదిరేలా నవ్వాడు. ఆగలేదు. వాడికి పరిహాసం నచ్చిందని వాళ్లిద్దరూ అనుకున్నారు. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాక పెద్దాయన నవ్వు ఆగిపోయింది. మరదలు పరుగున వచ్చి కొంగుతో మొహం తుడవబోయింది. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

వీధిలో ఆటో ఒకటి మిరప నారు అమ్మకానికి ఉందని మైకులో చెప్పుకుంటూ పోయింది. అది మలుపు తిరిగేదాకా పెద్దాయన తమ్ముడి మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మంచం దిగి, బల్ల లాక్కుని వాడికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఒరేయ్, వీడు నోటితో బేరం చేసిందెప్పుడురా?" అన్నాడు, వాడితో కాదు, మాతో. భుజం మీది తువ్వాలు తీశాడు.

సంతలో ఎద్దు ధర నోటితో చెప్పుకోరు. చుట్టూ చూసేవాళ్లు ఉంటారు కాబట్టి, కొనేవాడూ బేరగాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. కుదిరితే చెయ్యి బిగిస్తారు. కుదరకపోతే లాగేసుకుంటారు. పైకి ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నట్టే కనిపిస్తారు. మా తమ్ముడి బతుకంతా ఆ తువ్వాలు కిందే గడిచింది.

వాడు తువ్వాలు వైపు చూశాడు గానీ చెయ్యి ఇవ్వలేదు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమ చెయ్యి తొడ కింద ఉంది.

"తువ్వాల కింద కుడేంది, ఎడమేందిరా. ఇటియ్యి," అన్నాడు పెద్దాయన.

వాడు బావమరిది వైపు చూశాడు. నావైపు చూశాడు. నాకు ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఊరుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. చివరికి ఎడమ చెయ్యి తొడ కింది నుంచి మెల్లగా వచ్చి తువ్వాలు కిందికి పోయింది.

పెద్దాయన ఈసారి గొంతు పెంచలేదు. సంతలో మాట్లాడినట్టే, ఎటో చూస్తూ అడిగాడు. అవతలికి పోదామా అన్నాడు. తమ్ముడు తల ఊపాడు. తువ్వాలు కింద ఏదో జరిగింది, గుడ్డ కదిలింది. పెద్దాయన మొహంలో ఏమీ లేదు. అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. తల ఊగింది, గుడ్డ కదిలింది.

"ఊపాడుగా, ఇంకేంది?" అన్నాడు మరదలి అన్న.

"నువ్వు తల చూస్తన్నావు. బేరం నాతో," అన్నాడు పెద్దాయన. "చెయ్యి లాగేస్తన్నాడు. పోడంట."

ఆ క్షణాన నాకు గెలిచినట్టే అనిపించింది. పొద్దున కారు రాకుండా ఫోను చెయ్యమని చెప్పబోతున్నాను. పెద్దాయన ఇంకా చెయ్యి వదల్లేదు.

"ఐతే ఇంటికాడే ఉంటావు. అన్న తెచ్చే మాత్రలు మింగుతావు. అంతేనా?"

తల ఊగింది. గుడ్డ మళ్లీ కదిలింది. పెద్దాయన ఈసారి నావైపు చూశాడు. సరిగా అర్థమైందో లేదో, ఇంకోసారి అడగమన్నాను. ఆయన ఒక్కొక్క మాట విడదీసి అడిగాడు. తమ్ముడు ఈసారి తల కూడా ఊపలేదు. చెయ్యి మొత్తం తువ్వాలు కింది నుంచి బయటికి లాక్కుని, మళ్లీ తొడ కింద పెట్టుకున్నాడు. అది మా అందరికీ కనిపించింది.

"రెండూ ఒద్దంటన్నాడు," అన్నాడు పెద్దాయన.

మరదలు గడప దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. మెల్లగా, ఎవరితోనో చెప్పినట్టు చెప్పింది. ఈ మధ్య పక్కబట్టలు దులిపితే మాత్రలు దొరికాయట. నోరు ఒక పక్కకు వాలింది కదా, మింగలేక జారిపోయాయనుకుందట. అవి ఏరి పారేసి, ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్రలు సరిగా వెయ్యడం లేదని నేను తప్పు పడతానని భయపడింది. ఎన్ని దొరికాయని అడగబోయి మానేశాను. ఎన్నైతేనేం. ఆకుమందు దగ్గరికి పోతే ఏ ప్రమాదం వస్తుందని నేను వాదిస్తున్నానో, ఆ ప్రమాదం ఎప్పటినుంచో ఇంట్లోనే ఉంది. వాడే తెచ్చుకుంటున్నాడు.

జబ్బు చేసినప్పటి నుంచీ ఆమె అతని గురించి మాతో మాట్లాడేది. తిన్నాడు, పడుకున్నాడు, స్నానం చేయించాను అని. అతనితో మాట్లాడటం నేను చాలా రోజులుగా వినలేదు. ఇప్పుడు లేచి అతని ఎదుటికి వెళ్లింది.

"ఏమయ్యా, మందూ ఒద్దు, మాత్రా ఒద్దు. ఏమనుకుంటన్నావు మనసులో? నాకు చెప్పా పెట్టకుండా పోదామనుకుంటన్నావా?"

తమ్ముడు ఆమెను చూస్తూ కూర్చున్నాడు. తల ఊపలేదు. కాదని అడ్డంగా కూడా తిప్పలేదు.

"రోజూ ముద్ద నోట్లో పెడతన్నానే, అప్పుడన్నా ఈ మొహం నీకు కనపళ్లా?" అంది. అతని కుడి చెయ్యి ఒళ్లోంచి జారిపోతుంటే ఎత్తి సరిగా పెట్టింది.

అప్పుడు పేటలో నిపుణురాలు చివర్లో చెప్పిన మాట నేను చెప్పాను. ఇది కూడా జబ్బేనని, దీనికి వైద్యం ఉందని, ఆలస్యం చెయ్యొద్దందని. మరదలి అన్న ఒప్పుకోలేదు. దిగులు జబ్బేంది బావా, చెయ్యి పడిపోతే ఎవుడికైనా దిగులే, చెయ్యి లేస్తే అదే పోద్ది అన్నాడు. అడిగేది అడిగాం, మనసు బాగా లేనోడి మాట పట్టుకుంటామా, కారు వస్తది, ఎక్కిచ్చి తీసకపోదాం అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది. చెల్లెలి భర్త చనిపోవాలనుకుంటున్నాడన్న మాట ఆయన చెవులు వినడానికి సిద్ధంగా లేవు.

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బేరం తెగకుండా ఎద్దు మెడలో పలుపు పట్టుకుంటే దాన్ని దొంగతనమంటారు," అన్నాడు. అంతకు మించి తీర్పేమీ చెప్పలేదు. చేతికర్ర తీసుకుని వెళ్లిపోయాడు. కారు వద్దని ఎవరూ ఫోను చెయ్యలేదు. రావాలని కూడా ఎవరూ అనలేదు.

ఆ రాత్రి మాత్ర మరదలే వేసింది. మింగాక కూడా పక్కనుంచి లేవలేదు. నేను వసారాలో పడుకున్నాను గానీ, లోపల ఏ చప్పుడైనా లేచి కూర్చున్నాను. వాడి ఊపిరి వినిపిస్తే మళ్లీ ఒరిగాను.

మర్నాడు, సోమవారం. తెల్లారుతుండగానే నిపుణురాలికి ఫోను చేశాను. ఆమె కూర్చునే రోజు కాదు గానీ, జరిగింది విని, తీసుకొచ్చెయ్యండి, దారిలో ఒంటరిగా వదలకండి, మాత్రల సంగతి డాక్టరుకు నేను చెబుతాను అంది. నేను ఫోను పెట్టేసరికి కారు వచ్చి వాకిట్లో ఆగింది. మరదలి అన్న స్నానం చేసి తయారుగా ఉన్నాడు. పరుపు చుట్ట, బియ్యం సంచి డిక్కీలో పెట్టించాడు.

మరదలు తల దువ్వుకుని బయటికి వచ్చింది. నేరుగా డ్రైవరు దగ్గరికి వెళ్లి, పేటకి పోవాల అంది. ఆమె అన్న అడ్డం వచ్చాడు. అవతల వాళ్లు ఎదురు చూస్తుంటారు, మాటిచ్చాను, పరువు పోద్ది అన్నాడు.

"బతకాలని ఉన్నోడికి గదా ఏ మందైనా పనిచేసేది అన్నా. ముందు ఆ సంగతి అడిగొద్దాం," అంది. "నువ్వూ రా. దిగులు జబ్బో కాదో ఆమెనే అడుగు."

ఆయన కాసేపు కారు పక్కన నిలబడ్డాడు. తర్వాత పరుపు చుట్ట దించి అరుగు మీద పెట్టాడు. బియ్యం సంచి దించడం మర్చిపోయాడు.

ఇక తమ్ముడు రావాలి. వాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, లేవమంటే లేవలేదు. మరదలు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తెచ్చింది. పేటలో నేర్పినట్టు ముందు పడిపోయిన చేతికి తొడిగింది. రెండో చెయ్యి తొడగబోతే వాడు ఆ చొక్కాను లాగి కింద పడేశాడు. ఆమె దులిపి మళ్లీ తొడగబోయింది. మళ్లీ తోసేశాడు.

"రానంటన్నాడు," అన్నాడు మరదలి అన్న. నేనూ అదే అనుకున్నాను. అడుగుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. మరదలు చొక్కా చేతిలో పట్టుకుని వాడి ఎదుట అలాగే నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

తమ్ముడి ఎడమ చెయ్యి లేచింది. మా అందరి ముందూ చాచి గోడ వైపు చూపించాడు. గోడకున్న కొక్కెం మీద పాత నీలం చొక్కా ఒకటి వేలాడుతోంది.

"ఇదా? ఇస్త్రీ లేదు దానికి," అంది మరదలు. "కాలరు పీలికలైంది. ఆసుపత్రిలో నన్నంటారు."

వేలు దిగలేదు.

ఆమె తెల్ల చొక్కా మంచం మీద పడేసి, నీలం చొక్కా తెచ్చి తొడిగింది. గుండీలు పెడుతున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. వాడు నా భుజం పట్టుకుని లేచాడు. వెనక సీట్లో వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని ఆమె ఒక పక్క, ఆమె అన్న ఒక పక్క కూర్చున్నారు. నేను ముందు కూర్చున్నాను. మేం చేరేసరికి ఆ గది తలుపు ఇంకా తియ్యలేదు. బయట బల్ల మీద కూర్చున్నాం.